పాటలో బతికే ఉన్నాడు
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పోయిన నెల, పడమటి ఐరోపాను ఏలిన ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ వంశం గురించి రాస్తూ, మూడవ లూయీ అనే ఫ్రాంకు రాజు మూడేళ్లే ఏలాడని ఒక్క వాక్యంలో దాటేశాను. ఆ ఒక్క వాక్యం మీదే చాలా ఉత్తరాలొచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ కుర్రవాడికే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, మూడవ లూయీ గుర్రం మీద ఒక అమ్మాయిని తరుముతూ గుమ్మానికి తల కొట్టుకుని చనిపోయాడని ఫోన్లో ఒక చిన్న వీడియోలో చూశాను. నిజమేనా? నవ్వించడానికి కల్పించారా?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: కల్పించలేదమ్మా. కానీ వీడియోలో చెప్పినట్టు తల కాదు. ఆ రోజుల్లో ఉత్తర ఫ్రాన్సులోని అరాస్ ఊళ్లో సెయింట్ వాస్ట్ మఠం ఉండేది. అక్కడి సన్యాసులు ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం జరిగినవి లాటిన్‌లో రాసిపెట్టుకునేవారు. ఈ సంగతి అందులో ఉంది. 882 వేసవిలో రాజు సెన్ నది దాటి లువార్ నది వైపు వెళ్లాడు. అక్కడ గెర్మండ్ అనే ఆయన కూతురు కనిపించింది. రాజు కుర్రవాడు కాబట్టి వెంటపడ్డాడని ఆ సన్యాసే రాశాడు. ఆ పిల్ల పరుగెత్తి తండ్రి ఇంట్లోకి దూరింది. రాజు గుర్రం దిగలేదు. ఆటగా అలాగే వెనకాల వెళ్లాడు. ద్వారబంధం మీద అడ్డంగా ఉండే దూలం భుజాలకు తగిలింది, గుర్రపు జీను ముందు భాగం ఛాతీకి నొక్కుకుపోయింది. పైన దూలం, కింద జీను, మధ్యలో మనిషి. లోపల బాగా దెబ్బతిన్నాడు. పల్లకీలాంటి దాని మీద పడుకోబెట్టి పారిస్ దగ్గరి సెయింట్ డెనీ మఠానికి మోసుకొచ్చారు. 882 ఆగస్టు 5న అక్కడే పోయాడు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు.

అదే కాలంలో రాసిన ఇంకో చరిత్ర ఉంది. దాన్ని రాసింది రాన్స్ ఆర్చిబిషప్ హింక్‌మార్. ఆయన ఈ గుమ్మం సంగతి ఎత్తడు. రాజు టూర్ ఊళ్లో జబ్బుపడ్డాడు, పల్లకీ మీద సెయింట్ డెనీకి తెచ్చారు, చనిపోయాడు అని ఊరుకుంటాడు. నాకు అరాస్ సన్యాసి మాట మీదే నమ్మకం. ఎందుకంటే ఆయనకు ఈ రాజంటే ఇష్టం. రాజు పోయి ఫ్రాంకులకు పెద్ద దుఃఖం మిగిల్చాడని అదే చోట రాశాడు. ఇష్టమైనవాడి గురించి పరువు తక్కువ మాట ఎవరూ ఊరికే పుట్టించరు.

ఇంకొక మాట చెప్పాలి. ముప్పై ఒక్కేళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను. మధ్యాహ్నం అన్నాలు తిని పిల్లలు కునికిపాట్లు పడే క్లాసులో నేనూ ఈ కథ చెప్పేదాన్ని. అందరూ నవ్వేవారు. ఒకసారి మాత్రం వెనక బెంచీలో ఒకమ్మాయి నవ్వకుండా లేచి, "ఆ పిల్లకేమైంది మేడమ్?" అని అడిగింది. ఆ రోజు ఇంటికెళ్లి ఆ లాటిన్ వాక్యం మళ్లీ చదివాను. తండ్రి పేరుంది, పిల్ల పేరు లేదు. రాజుకు అది ఆట అని రాశాడు. పిల్లకు ఏమిటో రాయలేదు. కానీ ఆమె నిలబడలేదు, పుట్టింట్లోకి పరుగు తీసింది, ఆ పరుగులోనే ఆమెకు అది ఆట కాదని తెలుస్తోంది. ఆ తర్వాత ఈ కథను నవ్వు కోసం చెప్పడం మానేశాను.

ప్రశ్న: అంత చిన్నవాడికి రాజ్యం ఎలా చిక్కింది? మూడేళ్లలో గుర్తుపెట్టుకోదగ్గది ఏమైనా చేశాడా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, తేలిగ్గా చిక్కలేదు. లూయీ షార్లమేన్‌కు మునిమనవడి కొడుకు. తాత బట్టతల చార్లెస్, తండ్రి నత్తి లూయీ. ఈ పేర్లు చరిత్రలో అలాగే నిలిచిపోయాయి. తండ్రి యువరాజుగా ఉండగా 862లో, తన తండ్రి ఒప్పుకోకుండానే, ఆన్స్‌గార్డ్ అనే ఆమెను చేసుకున్నాడు. ఆమెకు పుట్టినవాళ్లే మన లూయీ, అతని తమ్ముడు కార్లోమన్. తర్వాత తాత పట్టుబట్టి ఆమెను వదిలించి, అడిలైడ్ అనే ఇంకో అమ్మాయిని కట్టబెట్టాడు. మరి పెద్ద భార్య పిల్లలు వారసులా కాదా? కొడుకుల తప్పేమీ లేకపోయినా ఈ ప్రశ్న వాళ్ల మెడకు చుట్టుకుంది. ఆఖరికి 878లో పోపే ఫ్రాన్సుకు వచ్చినప్పుడు, అడిలైడ్‌కు కిరీటం పెట్టడానికి ఒప్పుకోలేదు.

879 ఏప్రిల్ 10, గుడ్ ఫ్రైడే రోజు తండ్రి కన్నుమూశాడు. పోయేముందు కిరీటం, కత్తి, రాజచిహ్నాలన్నీ పెద్దకొడుక్కి పంపించి, వాడికే పట్టం కట్టమన్నాడు. కానీ పెద్దల్లో ఒక వర్గం తూర్పు ఫ్రాంకు రాజ్యం (ఇప్పటి జర్మనీ వైపు) నుంచి చిన్న లూయీ అనే దాయాదిని పిలిచింది. హ్యూ అనే పెద్దాయన కుర్రాళ్ల పక్షాన నిలబడి, దాయాదికి రెండు రాజ్యాల మధ్య ఉన్న లోతరింజియాలో పడమటి ముక్క ఇచ్చి పంపించేశాడు. సెప్టెంబరులో ఫెరియేర్ మఠంలో ఆదరాబాదరాగా అన్నదమ్ములిద్దరికీ పట్టాభిషేకం చేశారు. అదే నెలలో అడిలైడ్ కూడా ఒక కొడుకును కన్నది. అక్టోబరులో దక్షిణాన బోసో అనే అతను, షార్లమేన్ వంశం వాడు కాకపోయినా, తనే రాజునని ప్రకటించుకున్నాడు. ఇదంతా ఆరేడు నెలల్లో. పెద్దవాడికి పదిహేను, పదహారేళ్లుంటాయి.

880 మార్చిలో అమియాన్‌లో పంపకం జరిగింది. ఉత్తరాది లూయీకి, బర్గండీ, ఆక్విటేన్ తమ్ముడికి. అన్నదమ్ములు కొట్టుకోలేదు. ఆ వంశంలో ఇది చెప్పుకోదగ్గ విషయం, వాళ్ల తాత తరం తోబుట్టువుల యుద్ధాలతోనే గడిచింది. ఇద్దరూ కలిసే బోసో మీదికి వెళ్లారు. ఇద్దరూ కలిసే, ఉత్తరాది నుంచి ఓడల్లో వచ్చి దోచుకునే వైకింగుల మీద పోరాడారు.

ఇక వైకింగుల సంగతి. 878లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ రాజు వైకింగులను ఓడించిన తర్వాత, అక్కడికి వచ్చి చేరిన ఇంకో దండు 879లో సముద్రం దాటి ఇప్పటి బెల్జియంలోని గెంట్ దగ్గర దిగింది. అక్కణ్నుంచి కుర్‌త్రే, కాంబ్రే, అరాస్, అమియాన్ వరుసగా దోచుకున్నారు, మఠాలు తగలబెట్టారు. అరాస్ సన్యాసి రాసింది తన సొంత ఊరు కాలిపోవడం గురించి. 881 ఆగస్టు 3న, సోమ్ నదికి దగ్గర్లోని సోకూర్ అనే పల్లె వద్ద, లూయీ ఆ దండును పట్టుకుని ఓడించాడు. తొమ్మిది వేల మందిని చంపారని జర్మనీ వైపు చరిత్రలో రాశారు. పాతకాలపు లెక్కలు కదా, అంకెను పక్కన పెట్టండి. గెలుపు మాత్రం నిజం.

అక్కడ జరిగిన ఒక చిన్న సంఘటన ఉంది. గెలిచామని ఫ్రాంకులు సంబరంలో పడ్డారు. ఇంతలో పల్లెలో దాక్కున్న కొద్దిమంది వైకింగులు ఒక్కసారిగా బయటికి దూకి వందమంది దాకా నరికేశారు. సైన్యం చెల్లాచెదురవుతోంది. అప్పుడు రాజు గబగబా గుర్రం దిగి నేల మీద నిలబడ్డాడు. దిగినవాడు పారిపోలేడు, అది చూసినవాళ్లకు ధైర్యం వచ్చింది. అలా దిగకపోయి ఉంటే అందరూ సిగ్గుమాలి పారిపోయేవారని అరాస్ సన్యాసి రాశాడు. హింక్‌మార్ అయితే ఈ గెలుపును అంతగా మెచ్చుకోడు. ఎవరూ తరమకుండానే ఫ్రాంకులు వెనక్కి పరుగుతీశారని, ఇది మనుషుల బలం కాదని, దేవుడు చూపించిన తీర్పని అంటాడు. ఇద్దరి మాటలూ కలిపి చదివితే ఆ మైదానం కళ్ల ముందు కడుతుంది: చేతికొచ్చిన గెలుపు, నిమిషంలో భయం, గుర్రం దిగిన ఒక కుర్రాడు.

ఇది జరిగిన ఏడాది మీద రెండు రోజులకు అతను పోయాడు. గుర్రం దిగనందువల్ల. ఈ రెండు సంగతులూ రాసింది ఒకటే మఠం. నేనిది ఎన్నిసార్లు చదివినా అక్కడ ఆగిపోతాను.

హింక్‌మార్‌కు ఇతని మీద కినుక ఉండటానికి కారణం ఉంది. బోవే పట్టణానికి బిషప్‌గా తన మనిషి ఒడాసెర్‌ను పెట్టాలని లూయీ పట్టుబట్టాడు. హింక్‌మార్ ససేమిరా అన్నాడు. చర్చికి పెద్దగా నన్ను ఎన్నుకున్నది మీరు కాదు, మీరు రాజ్యమేలడానికి మిమ్మల్ని ఎన్నుకున్నది నేనూ నా తోటివాళ్లూ అని ఉత్తరం రాశాడు. డెబ్బై దాటిన ఆర్చిబిషప్, ఇరవై నిండని రాజు. ఎవరూ వెనక్కి తగ్గలేదు.

సోకూర్ తర్వాత లూయీ కాంబ్రే ప్రాంతంలో ఒక చెక్క కోట కట్టించాడు. దానికి కాపలా ఉండటానికి మాత్రం మనుషులు దొరకలేదు. ఆ మూడేళ్ల పాలన ఎలాంటిదో తెలియాలంటే నేను ఈ కోటనే చూపిస్తాను. రాజుకు ఉద్దేశం ఉంది, చెక్క ఉంది, వడ్రంగులు ఉన్నారు. ఎవరి ఎస్టేటు వాళ్లు కాపాడుకునే పనిలో పడిన దొరలు మాత్రం సరిహద్దు కోటలో రాత్రిళ్లు కూర్చోవడానికి రాలేదు. 882 జనవరిలో తూర్పు దాయాది చనిపోయినప్పుడు లోతరింజియా పెద్దలు వచ్చి మా రాజ్యం తీసుకోమన్నారు. ముందే చేసుకున్న ఒప్పందం ఉందని తీసుకోలేదు. ఇరవై నిండనివాడు ఒప్పుకున్న మాటకు కట్టుబడి రాజ్యం వద్దన్నాడు. నా దృష్టిలో సోకూర్ కంటే ఇదే గొప్ప.

ప్రశ్న: ఫ్రాంకులంటే ఫ్రెంచివాళ్లా, జర్మన్లా? ఈ రాజు ఏ భాష వాడు?
– ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ఆ రోజుల్లో ఈ రెండూ ఇంకా విడిపోతున్నాయి. 842లో స్ట్రాస్‌బర్గ్‌లో లూయీ తాత బట్టతల చార్లెస్, తన అన్నతో ఒప్పందం చేసుకున్నాడు. అన్న సైన్యానికి అర్థం కావాలని చార్లెస్ జర్మన్ భాషలో ప్రమాణం చేశాడు. చార్లెస్ సైన్యం కోసం అన్న పాత ఫ్రెంచిలో చేశాడు. అంటే రాజకుటుంబానికి రెండూ వచ్చు. లూయీ ఏలిన ఉత్తరాదిలో జనం ఎక్కువగా ఫ్రెంచికి తల్లి అయిన మాట మాట్లాడేవారు. కొన్ని పెద్ద ఇళ్లలో మాత్రం ఫ్రాంకుల పాత జర్మన్ మాట ఇంకా బతికి ఉంది.

దానికి రుజువు ఒక పాట. లూయీ సోకూర్‌లో గెలిచిన ఏడాది లోపే ఎవరో దాన్ని కట్టారు. 59 పంక్తులు, పాత జర్మన్‌లో. ఒక రాజు నాకు తెలుసు, అతని పేరు లూయీ అని మొదలవుతుంది. చిన్నప్పుడే తండ్రి పోతే దేవుడే పెంచాడంటుంది. వైకింగులను సముద్రం మీదుగా పంపింది దేవుడే, ఈ కుర్రాడు తట్టుకోగలడా అని చూడటానికి. ఆ తర్వాత దేవుడే అతన్ని పిలిచి, నా జనానికి సాయం చెయ్యి అంటాడు. రాజు సెలవు తీసుకుని, జెండా ఎత్తి, వస్తాడు. ప్రజలు, ఎన్నాళ్లుగానో నీ కోసం చూస్తున్నామంటారు. బతికి బయటపడ్డవాళ్లకు నేను బహుమానం ఇస్తాను, పోయినవాళ్ల చుట్టాలకు ఇస్తాను అని రాజు మాట ఇస్తాడు. ముందు రాజు భక్తిపాట ఎత్తుకుంటాడు, సైన్యమంతా "కిరియే ఎలైసన్" అని అందుకుంటుంది. ప్రభువా కరుణించు అని దానర్థం. ఆ తర్వాత వచ్చే పంక్తి నాకు నోటికొచ్చు: పాట పాడడం అయింది, పోరు మొదలైంది. రెండే ముక్కలు, రెండూ ఒకే తూకంలో. ఆ వెంటనే చెంపల్లో రక్తం పొంగడం కనిపిస్తుంది. రాజు ఒకణ్ని నరుకుతాడు, ఇంకొకణ్ని పొడుస్తాడు. శత్రువులకు చేదు పానీయం పోశాడంటుంది పాట.

ఈ పాట ఒకే ఒక్క పుస్తకంలో మిగిలింది. సెయింట్ అమాన్ మఠానికి చెందిన ఆ లాటిన్ పుస్తకం చివర్లో ఖాళీగా ఉన్న పేజీల్లో దీన్ని ఎక్కించారు. దీనికి సరిగ్గా ముందు, అదే చేతిరాతలో, సెయింట్ యులేలియా అనే కన్యక మీద ఒక పద్యం ఉంది. అది ఫ్రెంచి భాషలో మనకు దొరికిన మొదటి కావ్యరచన. ఒకే మనిషి, ఒకే కలంతో, ముందు ఫ్రెంచి సాహిత్యం మొదటి పద్యమూ, వెంటనే పాత జర్మన్ పాటా రాశాడు. ఫ్రెంచివాళ్లా జర్మన్లా అని మీరు అడిగారు కదా, ఆ రెండు పేజీలే జవాబు.

అదొక్కటే కాదు. పాటలో రాజు బతికే ఉన్నాడు. దేవుడు అతన్ని కాపాడాలి అని దీవిస్తూ ముగుస్తుంది. కానీ పైన లాటిన్‌లో పెట్టిన శీర్షికలో "పుణ్యస్మృతి లూయీ రాజు" అని ఉంది. పుణ్యస్మృతి అని పోయినవాళ్లకే అంటారు. అంటే పాట కట్టిన తర్వాత, అది ఈ పుస్తకంలోకి ఎక్కేలోపు, రాజు పోయాడు. రాసినాయన శీర్షిక మార్చాడు గానీ పాటలో ఒక్క ముక్క ముట్టుకోలేదు. ఇవాళ్టికీ అలాగే ఉంది.

1672లో మాబియోన్ అనే ఫ్రెంచి సన్యాసి ఆ పాటకు నకలు తీశాడు. తర్వాత పుస్తకం ఎక్కడుందో తెలియకుండా పోయింది. 1837లో హాఫ్‌మన్ అనే జర్మన్ కవి వాలెన్సియెన్ పట్టణ గ్రంథాలయంలో దాన్ని మళ్లీ కనిపెట్టాడు. ఇప్పటి జర్మనీ జాతీయగీతం రాసింది కూడా ఆయనే.

ప్రశ్న: అదే సమయంలో మన దగ్గర రాజెవరు?
– గృహిణి, ఒంగోలు

జవాబు: వేంగి చాళుక్యుల్లో గుణగ విజయాదిత్యుడు. 848 నుంచి 892 దాకా, నలభై నాలుగేళ్లు. లూయీ పట్టం కట్టుకోకముందే ఈయన సింహాసనం మీద ఉన్నాడు, లూయీ పోయాక ఇంకో పదేళ్లు ఉన్నాడు. మీ ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెబుతాను. విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించిన అద్దంకి శాసనం ఆ విజయాదిత్యుడి పట్టాభిషేకం నాటిదే. పన్నెండు బోయ కొట్టాలు (బోయల స్థావరాలు) గెలిచిన సంగతి అందులో తరువోజ పద్యంలో ఉంది. "కందుకూర్బెజవాడ గావించె మెచ్చి" అన్న పాదం వినే ఉంటారు. తెలుగులో మనకు దొరికిన తొలి పద్యశాసనం అది. అక్కడ లాటిన్ రాజ్యమేలుతుండగా ఇంటిభాషలో విజయగీతం పుట్టింది. ఇక్కడ సంస్కృతం రాజ్యమేలుతుండగా దేశి ఛందస్సులో విజయపద్యం పుట్టింది. మధ్య తేడా ముప్పై మూడేళ్లు. వీళ్లకు వాళ్లు తెలియదు, వాళ్లకు వీళ్లు తెలియదు. మనది రాతి మీద చెక్కారు కాబట్టి అద్దంకి వాళ్లకు ఆ పుస్తకంలా కనిపించకుండా పోతుందన్న భయం లేకపోయింది.

ప్రశ్న: ఫిరంగి అనే మాట ఫ్రాంకుల నుంచే వచ్చిందంటారు. నిజమా?
– గుంటూరు పాఠకుడు

జవాబు: నిజమే. పడమటి ఐరోపా వాళ్లందరినీ అరబ్బులు ఫ్రాంకుల పేరుతోనే పిలిచారు. ఆ పేరు పారశీకంలో ఫరంగీ అయింది. అదే మన దగ్గర తెల్లవాళ్లకు పరంగివాళ్లని పేరైంది, వాళ్లు తెచ్చిన పెద్ద తుపాకికి ఫిరంగి అని పేరైంది. నాటు వైద్యంలో వాడే పరంగిచెక్క పేరు కూడా ఆ కుటుంబంలోదే.

ప్రశ్న: లూయీ సమాధి ఇప్పటికీ ఉందా?
– విజయవాడ పాఠకురాలు

జవాబు: సెయింట్ డెనీలో ఉంది. మా అబ్బాయి పారిస్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో వెళ్లి చూశాను. మెట్రో 13వ లైన్ ఎక్కితే చర్చి దగ్గరే దిగొచ్చు. సమాధి మీద పడుకున్న రాతి బొమ్మ ఉంది. అది లూయీ ముఖం కాదు, అతను పోయిన దాదాపు 380 ఏళ్లకు, పదమూడో శతాబ్దంలో, పాత రాజులకు ఒకేసారి చెక్కించిన బొమ్మల్లో ఒకటి. 1793లో విప్లవం రోజుల్లో అక్కడి రాజుల సమాధులు తవ్వి, ఎముకలు గోతుల్లో పోశారు. 1817లో వాటిని మళ్లీ తీసి, ఎవరివేవో విడదీయలేక, అన్నీ కలిపి నేలమాళిగలో ఒక్కచోట పెట్టారు.

పక్కనే తమ్ముడు కార్లోమన్ బొమ్మ. అన్న పోయాక రాజ్యమంతా అతనికే వచ్చింది. అతనూ నిలవలేదు. 884 డిసెంబరులో అడవిపంది వేటలో తన సేవకుడి ఆయుధమే పొరపాటున తగిలి గాయపడ్డాడు. నిజం తెలిస్తే ఆ సేవకుణ్ని బతకనివ్వరని, పందే పొడిచిందని చెప్పమన్నాడట. కొద్ది రోజులకు పోయాడు. పద్దెనిమిదేళ్లుంటాయి. ఆ బొమ్మల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఒక బడిపిల్లల గుంపు వచ్చింది, వాళ్ల టీచరు పెద్ద రాజుల దగ్గర ఆగి చాలా చెప్పింది, ఈ ఇద్దరినీ దాటుకుంటూ వెళ్లిపోయింది.